టెంకాయ చెట్టుకు మందు కొట్టించేముందు ఆకు తిప్పి చూడండి

సంక్రాంతి దాటాక చుక్క వాన లేదు. శివరాత్రి ఇంకా రాకముందే మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. తిరుపతిలో కొర్లగుంట మొదలు తిరుచానూరు దాకా, ఇటు చిత్తూరులోనూ, ఇంటి ఆవరణలో టెంకాయ చెట్టున్న ప్రతివాళ్లూ ఈ నెల చెప్పేది ఒకటే. చెట్టు కింద నిలిపిన కారు మీద జిగట, తులసికోట మీద మసి, మిద్దె మీద ఆరేసిన పంచెల మీద నల్లచుక్కలు. పక్కనే ఉన్న జామ, కరేపాకు, అరటి ఆకులు బొగ్గు పూసినట్టు నల్లబడ్డాయి. మందుల అంగళ్లకు ఇది పండగ నెల. అందుకే ఈసారి రోజాలనూ మల్లెలనూ కాసేపు పక్కనపెట్టి, టెంకాయ చెట్టు సంగతే ఎక్కువ రాస్తున్నాను.

ఆ మసి వేరే రోగమేమీ కాదు. మట్టల అడుగున చేరిన సర్పిలాకార తెల్లదోమ రసం పీల్చి తేనెలాంటి జిగట వదులుతుంది. అది కింది ఆకుల మీద పడి, దాని మీద బూజు నల్లగా పెరుగుతుంది. కాబట్టి మసి కనబడగానే బూజు మందు తెచ్చి కరేపాకు చెట్టుకు కొట్టడం శుద్ధ దండగ. పైనుంచి జిగట కారడం ఆగితే మసి దానంతటదే ఎండి రాలిపోతుంది.

ఈ దోమ మన దేశపుది కాదు. శాస్త్రవేత్తలు దీన్ని మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి 2004లో వర్ణించారు. 2009లో ఫ్లోరిడాలో పడింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి తోటల్లో కనబడింది. అక్కడి నుంచి కేరళ, కర్ణాటక, ఆంధ్ర తీరం చుట్టేసింది. ఇంత దూరం అది ఎగిరి రాలేదు. పెద్ద దోమ కూడా బద్ధకస్తురాలే, మట్టను కదిపితే కాస్త లేచి మళ్లీ అక్కడే వాలుతుంది. ఊళ్లు దాటించింది మనమే, లారీలెక్కించిన నర్సరీ మొక్కలతో. ఎండ పెరిగి గాలి పొడిబారే కొద్దీ ఇది ఉధృతమవుతుంది, గట్టి వానలకు తగ్గుతుంది. మనకు అసలు వానలు అక్టోబరు, నవంబరులో. అంటే అప్పటిదాకా దాని రోజులే.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. అందినంతలో కింది వరసలోని ముదురు మట్టను ఒకదాన్ని వంచి, ఆకును వెనక్కి తిప్పండి. తెల్లటి మైనపు పొడితో సుడులు సుడులుగా ముగ్గు వేసినట్టు కనబడతాయి, అవి గుడ్ల వరసలు. మామూలు తెల్లదోమకు మూడింతలుండే పెద్ద దోమలు రెక్కల మీద లేత గోధుమరంగు మచ్చలతో వాలి ఉంటాయి. వాటి మధ్య దూది కప్పుకుని పొట్టులా అంటుకుని ఉన్నవి పిల్లపురుగులు, కోశాలు. వేలితో ఆ దూదిని మెల్లగా తుడిచి, ఫోను కెమెరా దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూడండి. కోశాలన్నీ లేత పసుపుగా ఉన్నాయా, కొన్ని నల్లబడ్డాయా? నల్లబడ్డవాటిలో కొన్నింటికి గుండుసూది మొనతో గుచ్చినట్టు గుండ్రటి కంత ఉందా?

నల్లబడిన కోశంలో ఉన్నది తెల్లదోమ కాదు. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే కంటికి ఆనని కందిరీగ దాంట్లో గుడ్డు పెట్టింది. దాని పిల్ల లోపలి నుంచి దోమను తినేసి, ఆ కంత చేసుకుని బయటికొస్తుంది. ఈ కందిరీగను మనం డబ్బు పెట్టి తెప్పించలేదు. 1990లలో ఇంకో రకం సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు దాని వెంట పడి వచ్చి మన దగ్గరే స్థిరపడింది. కొత్త దోమ వచ్చేసరికి దాన్నీ పట్టింది. మీ మట్ట మీద పదింటిలో మూడు నాలుగు నల్లవి కనబడినా చాలు, పని మొదలైనట్టే. దాన్ని పాడుచేయకుండా ఉండటమే మీ వంతు.

పాడుచేయడానికి ఎందరో సిద్ధంగా ఉన్నారు. అంగట్లో అడిగితే ముందు ఇమిడాక్లోప్రిడ్ చేతిలో పెడతారు, దానికి తోడు ఓ సింథటిక్ పైరిత్రాయిడ్, పైన 'చెట్టు కోలుకోవడానికి' ఓ టానిక్ సీసా. తెల్లదోమ దూది కింద భద్రంగా ఉంటుంది. చచ్చేది దూది మీద తిరిగే కందిరీగ. మూడు వారాల్లో దోమ రెట్టింపై తిరిగొస్తుంది, మీరు మళ్లీ అదే అంగడికి వెళతారు. ఈ ఏడాది కొత్తగా డ్రోన్‌వాళ్లు కాలనీల్లో తిరుగుతున్నారు, చెట్టుకు ఇంత అని. పురుగుండేది ఆకు అడుగున, డ్రోన్ మందు పడేది ఆకు పైన. మిగతాది ఎదురింటి వంటింటి కిటికీలోకి. దీనికి డబ్బులు కూడా ఇచ్చి ఫొటోలు దిగుతున్నారంటే ఏమనాలో నాకు తెలియడం లేదు.

అంతకంటే ఘోరం వేరుకు మందు కట్టడం, మానుకు రంధ్రం పెట్టి పోయడం. దానికి మోనోక్రోటోఫాస్ ఇప్పటికీ ఎక్కడో ఓ మూల నుంచి తీసి ఇచ్చేవాళ్లున్నారు. కూరగాయల మీద ఆ మందును 2005లోనే నిషేధించారు. 2013లో బిహార్‌లోని ఓ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది ఈ విషం చేరిన నూనెతోనే. ఆ మందు చెట్టంతా పాకుతుంది, కాయలోని నీళ్లలోకీ వస్తుంది. ఇంట్లో పిల్లాడికి జ్వరమొస్తే ఏ చెట్టు కాయ కొట్టి తాగిస్తారు? మందు సీసా మీద త్రికోణం ఎరుపైనా పసుపైనా అది ఇంటి ఆవరణలోకి రాకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా 'బయో' అని మాత్రం రాసున్న సీసా ఆ త్రికోణాలున్న వాటికంటే నమ్మదగినదేమీ కాదు, లోపల ఏముందో అమ్మేవాడికే తెలియదు.

మందు మానేసి కందిరీగకు వదిలే ఈ దారి పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు బొప్పాయి పిండినల్లిని గుర్తుచేస్తాను. 2008లో కోయంబత్తూరులో కనబడి బొప్పాయి, మల్బరీ, పెరట్లో మందార ఏదీ వదలకుండా తెల్లగా కప్పేసింది. రైతులు కొట్టని మందు లేదు, తగ్గింది లేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి అసెరోఫాగస్ పపాయే అనే చిన్న కందిరీగను తెప్పించి వదిలారు. ఏడాది రెండేళ్లలో ఆ నల్లి పేరే మరిచిపోయాం. మందారకు ఇప్పుడు పడుతున్న పిండినల్లికి కూడా గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి, ముదిరిన కొమ్మ కోసేస్తే చాలు.

మరి టెంకాయ చెట్టుకు ఏమీ చేయొద్దా? చెట్టు పొట్టిదై, మిద్దె మీద నుంచి మట్టలు అందేటట్టుంటే, కారు కడిగే పంపుతో ఆకు అడుగునుంచి నీళ్లు జోరుగా కొట్టండి. వారానికోసారి, ఉదయం 8 లోపల. దోమ, దూది, జిగట అన్నీ కొట్టుకుపోతాయి. ఉధృతి మరీ ఎక్కువుంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బునీళ్లు. అదీ అడుగు భాగం తడిసేటట్టు కొట్టగలిగితేనే. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. మసి చూడలేకపోతున్నామంటే 1 శాతం గంజి, అంటే లీటరుకు 10 గ్రాముల పిండి ఉడికించి పల్చగా చేసి, కరేపాకు, జామ ఆకుల మీద చల్లండి. ఎండాక పెళ్లలుగా లేస్తుంది, మసి దాంతో పాటే ఊడుతుంది. మానుకు పసుపుపచ్చ ప్లాస్టిక్ అట్ట చుట్టి ఆముదం పూస్తే పెద్ద దోమలు అంటుకుంటాయి. దానికి ఇంట్లో పడున్న పాత అట్ట చాలు, అంగట్లో కట్టలు కట్టలు కొనక్కర్లేదు. 30 అడుగులు దాటిన చెట్టును దానికే వదిలేయండి.

టెంకాయలు దించేవాళ్లు వచ్చినప్పుడు 'శుభ్రం చేస్తాం' అని కింది మట్టలన్నీ కొట్టేస్తారు, మీరేమో వాటిని మూలన వేసి కాలుస్తారు. కందిరీగలున్న నల్ల కోశాలు ఎక్కువగా ఉండేది ఆ ముదురు మట్టల మీదే. పూర్తిగా ఎండినవి తప్ప తీయనివ్వకండి. పక్కింటి చెట్టు మీద నల్ల కోశాలే లేవంటే, మీ చెట్టు మట్ట ముక్కొకటి కోసి వాళ్ల చెట్టుకు కట్టండి. మందు పంచుకోవడం కంటే అది నయం. చెట్ల నడుమ అరటి పిలకలో, మెట్టతామర దుంపలో నాటితే ఈ కందిరీగకు ఏడాది పొడవునా ఆశ్రయం దొరుకుతుంది.

ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రం పొడి గురించి కూడా అడుగుతున్నారు. మంచిదే. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దాన్ని పెంచి రైతులకు అందిస్తోంది. లీటరుకు 5 గ్రాముల లెక్కన కొట్టాలి. అయితే దానికి గాలిలో తేమ కావాలి. కోనసీమ గాలి వేరు, రేణిగుంట గాలి వేరు. మార్చి ఎండలో ఇక్కడ కొడితే మధ్యాహ్నానికి ఎండిపోతుంది, నీళ్లు చల్లిన ఫలితమే. కొనదలిస్తే ఈశాన్య వానలకు కొనండి, ఇప్పుడు వద్దు. ఇప్పుడే అమ్ముతున్నవాణ్ని అది ఎప్పుడు తయారైందో, ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టాడో అడగండి.

ఈ దోమ చెట్టును చంపదు. చెట్టును నిజంగా కుంగదీస్తున్నది దాహం. కొత్త ఇళ్లలో మాను మొదలు దాకా టైల్స్ పరిచేస్తున్నారు. అడుగు వెడల్పు కంత వదిలి, అందులో చెంబెడు నీళ్లు పోసి, కాయ రాలిపోతోందని ఫోన్లు చేస్తారు. మాను చుట్టూ 6 అడుగుల పాదు ఉండాలి. ఈ ఎండలకు నాలుగు రోజులకోసారి 200 లీటర్ల నీళ్లు కావాలి. టైల్స్ పీకలేమంటే కనీసం రెండు వరసలైనా తీయించండి. పాదులో చెనిక్కాయ పొట్టు గానీ, పీచు డిప్పలు బోర్లించి గానీ పరిస్తే తడి నిలుస్తుంది. ఆర్వో మిషన్ వదిలే నీళ్లను టెంకాయ చెట్టు తట్టుకుంటుంది, కుండీల్లో రోజాలు తట్టుకోవు. పనిలో పనిగా పేడకుప్ప చెట్టు పక్కనే ఉంటే తిరగేసి చూడండి. తెల్లగా, లావుగా, ముడుచుకుని పడున్న పురుగులే రేపు మొవ్వును కత్తెర వేసినట్టు కత్తిరించే కొమ్ము పురుగులు. ఏరి కోళ్లకు వేయండి.

ఇంటి ముందు తోట వేయించుకుంటున్నవాళ్లకు ఓ మాట. కాంట్రాక్టరు తెచ్చే బొమ్మల్లో కోనోకార్పస్ వరస ఉంటే ముందే కొట్టేయించండి. నీళ్ల కోసం దాని వేర్లు పోని చోటు లేదు. గుజరాత్ 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. ఎర్రచందనం పెడితే మనవళ్లకు కోట్లని చెప్పేవాళ్లు, కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలన్న ముక్క చెప్పరు. ట్యాంకరు నీళ్లు కొనే వీధిలో పచ్చిక బయలు ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. రామానుజుల ఆజ్ఞతో తిరుమలలో పూలతోట వేసిన అనంతాళ్వారు ముందుగా చెరువే తవ్వుకున్నాడంటారు. ఆయన గడ్డపార ఇప్పటికీ గుడి మహాద్వారం దగ్గర వేలాడుతోంది. మీకు చెరువు అక్కర్లేదు, మిద్దె నీళ్లు దిగేచోట ఇంకుడు గుంత ఒకటి ఈ ఎండల్లోనే తవ్వించి, ఆ తర్వాత మొక్కల జాబితా రాసుకోండి. నందివర్ధనం, పారిజాతం, నూరువరహాలు మన ఎండకు తట్టుకుంటాయి. మొక్కలు నాటడం మాత్రం తొలకరి దాకా ఆగాలి. కొత్తగా తెచ్చిన అరటి, జామ, టెంకాయ మొక్కల్ని ఆకులు తిప్పి చూడకుండా గేటు దాటించకండి.

మిగతావి క్లుప్తంగా. గుండుమల్లికి కత్తిరింపులు సంక్రాంతికే అయిపోవాలి, మరిచినవాళ్లు ఇప్పుడు కత్తెర పట్టొద్దు, నీళ్లు మొదలుపెట్టండి. పెరటి మామిడి విచ్చిన పూత మీద ఉంటే పురుగుమందు ముట్టుకోవద్దు, ఈగలు తేనెటీగలు పోతే కాయ ఎవరు పట్టిస్తారు? బూడిద తెగులు కనబడితే లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, అదీ పూత విచ్చకముందు. నిమ్మలో లేత ఆకులకు ముడత వస్తే ఆ చిగుళ్లు గిల్లేయండి. మిద్దె మీద టమాటా, వంగ కుండీలకు మార్చి నుంచి 50 శాతం నీడ వల కట్టండి. పలమనేరు, కుప్పం వైపు ఏప్రిల్‌లో ఓ మామిడి జల్లు పడితే పడుతుంది, దాన్ని నమ్మి పాదులు ఎండబెట్టకండి.

నల్ల కోశాలో కావో తేల్చుకోలేకపోతే అంగడికి పోవద్దు. ముదురు మట్ట ఆకులు నాలుగు కోసి, ప్లాస్టిక్ కవరు కాకుండా పాత పేపర్లో చుట్టి, తిరుపతివాళ్లు కరకంబాడి దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో, పడమటి మండలాలవాళ్లు కలికిరి కేంద్రానికో ఉదయం పూట పట్టుకెళ్లండి. అదీ కుదరకపోతే దగ్గర్లోని రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులకు చూపించండి. ఆకు అడుగు భాగం ఫొటో తీసి తీసుకెళ్లినా సరిపోతుంది. చెట్టు మొత్తం దూరం నుంచి తీసిన ఫొటోలు మాత్రం తేవద్దు, వాటిలో ఏమీ కనబడదు.