దాత అండము – పిండవికాసము – జన్యుపరీక్ష

“అండము వేరొకరిదైనచో బిడ్డ మాదెట్లగును?” అని నన్ను పలువురు దంపతులు అడుగుచుందురు. వెనువెంటనే, “జన్యుపరీక్ష చేయింపుమనుచున్నారు, అవసరమా?” అనుదురు. ఈ రెండు సంశయములు తీరవలెనన్న, ముందుగా పిండము పెరుగు తీరును గ్రహించవలెను.

సుశ్రుతసంహిత శారీరస్థానమునందు గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును కావలెనని చెప్పబడినది. దాత అండమును స్వీకరించినపుడు మారునది బీజమునందలి స్త్రీభాగము మాత్రమే. క్షేత్రమైన గర్భాశయము, అంబువనదగిన పోషకరసము గర్భము ధరించు తల్లివే.

పిండవికాసము: ప్రయోగశాలలో అండమును శుక్రకణముతో కలిపిన మరునాడు రెండు కేంద్రకములు కనిపించును. ఒక్కొక్కదానియందు 23 క్రోమోజోములుండును. రెండవ దినమునకు సుమారు 4, మూడవ దినమునకు సుమారు 8 కణములు ఏర్పడును. అంతవరకు పిండము చాలవరకు అండమునందు నిలువయున్న సామగ్రితోనే నడచును. ఆ దశలో దాని సొంత జన్యువులు పనికి పూనుకొనును. అందుచేతనే మూడవ దినమున చక్కగా నున్న పిండములు కొన్ని అటుపై ఆగిపోవును. ఐదారు దినములకు పిండము నీరు నిండిన బుడగవంటి బ్లాస్టోసిస్ట్ అగును. లోపలి కణసమూహమునుండి శిశువు, వెలుపలి పొరనుండి మావి ఏర్పడును.

జన్యుపరీక్ష: వెలుపలి పొరనుండి 5 మొదలు 10 కణములను తీసి పరీక్షింతురు. ఫలితము వచ్చువరకు పిండమును ద్రవనత్రజనిలో మైనస్ 196 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద భద్రపరతురు. ఈ పరీక్షలలో ముఖ్యమైనవి రెండు.

1. క్రోమోజోముల సంఖ్యను చూచునది: సంఖ్యాదోషములు అండమిచ్చిన స్త్రీ వయస్సుతో పెరుగును. తల్లికి 45 ఏండ్లున్నను లెక్కకు వచ్చునది దాత వయస్సే. మన దేశమున 2021 నాటి చట్టము ప్రకారము దాతకు 23 మొదలు 35 ఏండ్ల లోపు వయస్సుండవలెను. కనుక దాత అండముతో చేయు చికిత్సలో ఈ పరీక్ష అందరికిని మేలు చేయునని నిర్ధారణ కాలేదు. పైగా కొన్ని పిండములందు మంచి కణములు, దోషకణములు కలిసియుండును. తీసిన కొద్దిపాటి కణములను నమ్మి మంచి పిండమును విడిచిపెట్టు ప్రమాదము కలదు.

2. ఒకే జన్యువువలన కలుగు వ్యాధిని చూచునది: ఉదాహరణకు తలసీమియా. భర్తయు, దాతయు ఇరువురును వాహకులైనచో ప్రతి గర్భమునందును శిశువునకు వ్యాధి సోకు అవకాశము 25 శాతము. దాతను నిర్ణయింపక ముందే ఇరువురికిని హిమోగ్లోబిన్ ఎ2 రక్తపరీక్ష చేయించిన, ఈ వ్యాధికై పిండమును పరీక్షింపవలసిన అవసరము చాలవరకు తప్పును.

ఆడో మగో తెలిసికొనుటకు ఏ పరీక్ష చేయించినను చట్టరీత్యా నేరము.

జాగ్రత్తలు: ఏ కషాయముగాని లేహ్యముగాని క్రోమోజోముల దోషమును సరిచేయజాలదు. శతావరి, అశ్వగంధ మొదలగువానిని చికిత్సాకాలమున వైద్యునికి తెలుపక సేవింపరాదు. గర్భధారణకు ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనవలెను. దాత అండముతో నిలిచిన గర్భమునందు రక్తపుపోటు ఎక్కువగా వచ్చుచుండును గనుక తరచు చూపించుకొనవలెను.

ఇక మొదటి ప్రశ్న. చరకుడు శిశువునందు మాతృజ, పితృజ భావములతోపాటు ఆత్మజ, సాత్మ్యజ, రసజ, సత్త్వజ భావములను కూడ లెక్కించెను. తల్లి భుజించు ఆహారరసమే శిశువును పోషించును. చట్టము సైతము అట్లు పుట్టిన బిడ్డను ఆ దంపతుల సొంత బిడ్డగనే పరిగణించుచున్నది. కావున ఇంటి పెద్దలు ఈ విషయమై కోడలిని నొప్పింపక, ఆమె పథ్యమును, మనశ్శాంతిని కాపాడుట మేలు.