తెల్లవారునప్పటికి కుంటిన యాకోబు

వేదపాఠము: ఆదికాండము 32:22 నుండి 33:14 వరకు



యబ్బోకు రేవునొద్ద యాకోబు రాత్రియంతయు పెనుగులాడిన సంగతి మన సంఘములలో పలుమారు ప్రసంగింపబడినది. దీవెన పొందువరకు అతడు విడువలేదనియు, ఇశ్రాయేలను క్రొత్త పేరు పొందెననియు పిల్లలు సహితము చెప్పగలరు. అయితే ఆ అధ్యాయము చివరనున్న చిన్న సంగతియొద్ద మనము నిలుచుట అరుదు. ప్రొద్దు పొడిచినప్పుడు యాకోబు పెనూయేలునుండి సాగిపోవుచు కుంటుచుండెను. రాత్రి అతని తుంటికీలు దెబ్బతిన్నది. దీవెన పొందినవాడే ఉదయకాలమున కుంటుచు నడచుచున్నాడు. నలువది ఏబది యేండ్లు దాటిన మనవారికి ఈ సంగతికి వ్యాఖ్యానము అక్కరలేదు. యాకోబుది దెబ్బ, మనది చాలమట్టుకు వయస్సు, పని. అయినను తెల్లవారి వేయు మొదటి అడుగు ఒక్కటే.

కోడి కూయగానే లేవబోవుదుము. నడుము పట్టేసియుండును. మోకాళ్లు ఎండిన తోలువలె బిగిసి వంగనొల్లవు. మడమ నేల మోపగానే ముల్లు గ్రుచ్చుకొన్నట్లుండును. గోడ పట్టుకొని నాలుగడుగులు వేసి, పెరటిలో మొగము కడుగుకొని, పొయ్యియొద్దకు చేరునప్పటికి కొంచెము సడలును. పగలు నాట్లలోనో మిరపకోతలోనో పడి నొప్పి మరచిపోవుదుము. మరల తెల్లవారగానే కథ మొదటికే వచ్చును. ఎవరితోనైనను చెప్పుకొనిన, "వయస్సు వచ్చినది గదా" అని ఒక్క మాటతో తేల్చివేయుదురు. ఇంటిలో కొందరు సోమరితనమందురు. సంఘములో కొందరు ఇంకను కఠినముగా, దాచుకొన్న పాపమేదో యున్నదనియో, విశ్వాసము చాలదనియో చెవిలో చెప్పుదురు.

ఈ చివరి మాటే అన్నిటికంటె ఎక్కువ హాని చేయుచున్నది. ఆ మాట విన్నవారు వైద్యునియొద్దకు పోరు, ప్రార్థనలోను ధైర్యము తెచ్చుకొనలేరు. యాకోబు కుంటు శాపముగా రాలేదు, దీవెన వచ్చిన రాత్రియందే వచ్చినది. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపమని శిష్యులడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే త్రోసివేసెను (యోహాను 9). హిజ్కియా కన్నీటి ప్రార్థన ఆలకించిన దేవుని ప్రవక్తయే, అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయుమని చెప్పెను (యెషయా 38). ప్రార్థన ఒక చేత, మందు ఒక చేత. ఈ రెంటికిని తగవు పెట్టినది మనమే.

ఇప్పుడు కీలు సంగతి చూతము. ఎడ్లబండి తోలినవారికి ఇది సులభముగా బోధపడును. బండి కొన్నాళ్లు కదలక కొట్టములో నిలిచినచో, మొదటిసారి లాగినప్పుడు చక్రము కిర్రుమనుచు మొరాయించును. కొంతదూరము తిరిగిన తరువాత ఇరుసున కందెన పరచుకొని తేలికగా నడచును. మన కీళ్లలోను చిక్కని జిగురునీరు ఒకటి కలదు. కదలుచున్నంతసేపు అది పలుచనై కీలును జారనిచ్చును. రాత్రి ఆరేడు గంటలు కదలక పండుకొనగా చిక్కబడును. ఎముకల కొనలకు నునుపైన పొర యున్నది; దానినే మనవారు గుజ్జు అందురు. ఆ గుజ్జునకు రక్తనాళములు లేవు. అడుగు వేసినప్పుడెల్ల అది నొక్కబడి, వదలబడి, తడిగుడ్డ నీటిని పీల్చుకొన్నట్లు ఆ జిగురునీటినుండియే తన ఆహారము తీసికొనును. వయస్సుతో గుజ్జు పలుచబడును, కండలు సన్నగిల్లును, గనుక ఉదయపు పట్టు ఎక్కువగా తెలియును. స్త్రీలకు ముట్లు ఆగిపోవు కాలమున ఇది మరింత హెచ్చుట కలదు.

"గుజ్జు అరిగినది, ఇక నడువవద్దు" అను మాట మన ఊళ్లలో బాగుగా వ్యాపించినది. అది తప్పు. మితముగా నడచుటయే ఆ గుజ్జునకు అన్నము పెట్టుట. మంచము పట్టినచో తొడకండలు కరగి, భారమంతయు మోకాలిమీదనే పడును. నడుమునొప్పికిని అంతే, రోజుల తరబడి పండుకొనుటవలన మేలుకంటె కీడే ఎక్కువ.

అయితే ప్రతి పట్టును ఒక్కటి కాదు. దీనిని తెలిసికొనుటకు ఇంట గోడకున్న గడియారము చాలును. లేచిన తరువాత ఎంతసేపటికి కీళ్లు సడలుచున్నవో ఒక వారము దినములు చూచుకొనుడి. అరగంటలోపల సడలిపోయి, పని ఎక్కువైన సాయంకాలము మరల నొప్పి పుట్టినచో, అది చాలమట్టుకు అరుగుదలవలన కలిగిన పట్టు. గంటకు పైగా బిగిసియుండి, చేతివ్రేళ్ల మొదళ్లును మణికట్లును రెండు ప్రక్కల వాచి, ఒళ్లంతయు నీరసముగా నుండి, ఇది ఆరు వారములు దాటినచో, అది వేరు జాతి కీళ్లవాతము కావచ్చును. ఇందులో శరీరమును కాపాడవలసిన శక్తియే పొరబడి తన కీళ్లమీదికి తిరుగబడును. ఇది పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలు ఎక్కువ. మొదటి నెలలలోనే తగిన వైద్యము దొరికినచో వ్రేళ్లు వంకరపోకుండ కాపాడుకొనవచ్చును. ఏండ్లు గడచిన తరువాత పోయిన వంపును మందు సరిచేయలేదు. గనుక "వయస్సు వచ్చినది గదా" యని ఊరకుండరాని పట్టు ఇదియే. నలువది నిండని పడుచువానికి తెల్లవారి నడుము బిగిసి, పండుకొనిన హెచ్చి, తిరిగిన తగ్గుచున్నచో అతనిని కూడ వైద్యునికి చూపవలెను.

మరి తెల్లవారి ఏమి చేయవలెను? ఒక్కసారిగా లేవవద్దు. మెలకువ రాగానే పండుకొనియే పాదములను పైకి క్రిందికి పదిసార్లు ఆడించుడి. ఒక్కొక్క మడమను పరుపుమీద ఈడ్చుచు మోకాలు వంచి చాపుడి. రెండు మోకాళ్లు వంచి కలిపి మెల్లగా కుడికి ఎడమకు వాల్చుడి. పిడికిళ్లు మూసి తెరువుడి. మోకాలి క్రింద మడిచిన తువ్వాలు పెట్టి, దానిని క్రిందికి అదిమి అయిదు లెక్కించువరకు పట్టి వదలుడి. ఇది తొడకండకు బలమిచ్చును. పిమ్మట ఒక ప్రక్కకు తిరిగి, చేతుల ఊతతో లేచి కూర్చుండి, ఒక నిమిషము ఆగి నిలువబడుడి. అంతయు పది నిమిషముల పని. దావీదు పడకమీదనే దేవుని జ్ఞాపకము చేసికొనెనని 63వ కీర్తన చెప్పుచున్నది. ఆ పది నిమిషములు ప్రార్థనకు చాలును. ఇంటిలోనివారి పేర్లు ఒక్కొక్కటి చెప్పుకొనుచు ఒక్కొక్క కీలు కదలించినచో లెక్కయు తప్పదు.

వేడి కాపడము మంచిదే. వేడినీట తడిపి పిండిన గుడ్డను పావుగంట వేసికొనుడి. చక్కెర వ్యాధివలన పాదములు తిమ్మిరెక్కినవారు మాత్రము వేడిని ముందుగా వేరొకరి చేతితో చూపించుకొనవలెను. కాలినను వారికి తెలియదు.

విశ్రాంతి తీసికొనుమని కూలివారికి చెప్పుట సుళువు. దినకూలి పోయిన ఇంటిలో పొయ్యి ఎవరు వెలిగించెదరు? ఆ సలహా నేనియ్యను. నాట్లలోనున్నవారు అరగంటకొకసారి నిలువబడి, చేతులు నడుముమీద పెట్టి అయిదారుసార్లు వెనుకకు వంగవలెను. కలుపు తీయునప్పుడు గొంతుకూర్చుండుటకు బదులు చిన్న పీట వాడుకొనుడి. నీళ్లబిందె ఒక్క చంకనే మోయక ప్రక్కలు మార్చుడి. అవకాశమున్నవారు పొయ్యిని గట్టుమీదికి ఎత్తించుడి. శరీరము బరువెక్కినవారు ఒక్క కిలో తగ్గినను నడచునప్పుడు అడుగడుగునకు మోకాలిమీది భారము సుమారు నాలుగు కిలోలు తగ్గును. ఐదు కిలోలు తగ్గినవారి మోకాలికి ఇరువది కిలోల మూట దించినట్లే. ఆ కాలమున ఏశావు తనతోకూడ ప్రయాణమై రమ్మనగా యాకోబు ఏమనెను? పసిపిల్లలున్నారు, పాలిచ్చు మందలున్నవి, వాటి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదనని చెప్పెను (33:13-14). కుంటికాలిమాట అక్కడ ఎత్తలేదు. అయినను మెల్లగా నడచుటకు అతడు సిగ్గుపడలేదనునది స్పష్టము.

ఇక మందులమాట. ఇక్కడ కొంచెము గట్టిగానే వ్రాయవలసియున్నది. పేరు లేని పొట్లములు, కాగితములో చుట్టి ఇచ్చు మూడు నాలుగు రంగుల బిళ్లలు, సంతలో అమ్ము కీళ్లనొప్పుల చూర్ణములు మన పల్లెలలో విరివిగా తిరుగుచున్నవి. కొన్నిటిలో స్టెరాయిడ్ కలుపుదురు. వేసిన మరునాడే మనిషి లేడివలె లేచును గనుక ఆ ఇచ్చినవాడు గొప్ప వైద్యుడని పేరు పొందును. నెలలు గడచినప్పుడు మొగము ఉబ్బును, రక్తములో చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును. అట్లు చాలకాలము వాడినవారు భయపడి ఒక్కసారిగా మానుటయు అపాయమే. ఆ పొట్లము తీసికొని ఆసుపత్రికి వెళ్లి వైద్యుని చేత మెల్లగా తగ్గించుకొనవలెను. డైక్లోఫెనాక్ వంటి నొప్పిబిళ్లలు దినదినము మ్రింగుటవలన కడుపులో పుండు పడును, మూత్రపిండములు చెడును. రక్తపోటున్నవారికి మరింత ప్రమాదము. నొప్పిచోట పూయు లేపనము అంతకంటె క్షేమము. వాపు వాతమునకు వైద్యులిచ్చు మెథోట్రెక్సేట్ అను బిళ్ల వారమునకు ఒక్కసారి మాత్రమే వేసికొనవలసినది. దినమునకొకటి యని పొరబడి వేసికొనిన ప్రాణము మీదికి వచ్చును. చదువురాని పెద్దలున్న ఇండ్లలో పిల్లలు ఆ వారము పేరును క్యాలెండరుమీద గుర్తు పెట్టియుంచవలెను.

కొన్ని ప్రాంతములలో పట్టు నీటినుండి వచ్చును. మన దేశములో నీటిలోని ఫ్లోరైడువలన కలుగు వ్యాధి 1937లో నాటి నెల్లూరు జిల్లాలో మొదట గుర్తింపబడినది. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రక్కల వెన్ను కర్రవలె బిగిసి వంగిపోయినవారిని మనలో చాలమంది చూచియున్నారు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాము మించరాదు. కాచినందువలన అది పోదు; నీరు ఇగిరి ఇంకను చిక్కబడును. 2016లో తెలంగాణలో ప్రారంభమైన మిషన్ భగీరథ నదినీటిని ఇండ్లకు తెచ్చుటకు ఉద్దేశింపబడినది; అట్టి నీరు కుళాయికి వచ్చుచున్నచోట పాత బోరునీరు రుచిగా నున్నదని త్రాగుట మానవలెను. మరియు చికున్‌గున్యా జ్వరము. 2006లో మన జిల్లాలను కుదిపినది ఇదే. జ్వరము తగ్గినను ఉదయపు పట్టు నెలల తరబడి నిలుచుట కలదు. చాలమందికి అది మెల్లగా తగ్గిపోవును.

ఒక కీలు ఎఱ్ఱబారి, వేడెక్కి, వాచి, జ్వరము కూడ వచ్చినను; నడుమునొప్పితోపాటు కాళ్లు బలహీనపడి, మలమూత్రములు పట్టు తప్పినను, తొడల సందున మొద్దుబారినను ఒక్కదినమైనను ఆలస్యము చేయవద్దు. ప్రార్థనకూటమునకు పిలిపించుడి, అంబులెన్సును దానికంటె ముందు పిలిపించుడి.

ఇంకొక సంగతి సంఘపెద్దలకు. మోకాళ్లూనలేక, నేల కూర్చుండిన లేవలేక, పదిమంది చూచుచుండగా ఒకరు పట్టి లేపవలసివచ్చునను సిగ్గుచేత, కొందరు పెద్దతల్లులు ఆరాధనకు రావడమే తగ్గించుచున్నారు. ప్రభువు బల్లయొద్దకు రానివారును కలరు. వారు వెనుకబడినవారని సంఘపుస్తకములో వ్రాయకముందు వారి మోకాళ్లమాట అడుగుడి. సొలొమోను మోకాళ్లూని ప్రార్థించెను. దావీదు యెహోవా సన్నిధిని కూర్చుండి ప్రార్థించెను (2 సమూయేలు 7:18). హిజ్కియా పడకమీద గోడతట్టు మొగము త్రిప్పుకొని ప్రార్థించెను. మోషే చేతులు బరువెక్కినప్పుడు ఇంకను నిలువబడుమని అహరోను, హూరు ఆయనకు బోధచేయలేదు. ఒక రాయి తెచ్చి వేసి కూర్చుండబెట్టి, ఇరుప్రక్కల చేతులు పట్టుకొనిరి (నిర్గమ 17:12). పదునెనిమిది యేండ్లు నడుము వంగిపోయిన స్త్రీ విశ్రాంతిదినమున సమాజమందిరములోనే యుండెను. అక్కడనుండియే ప్రభువు ఆమెను పిలిచెను (లూకా 13). ఆమెను లోపలికి రానిచ్చినవారున్నారు గనుకనే ఆమె అక్కడ కనబడినది.

చాపలు పరచుకొను మన మందిరములలో గోడప్రక్కన నాలుగు కుర్చీలు వేయుటకు కమిటీ తీర్మానము అక్కరలేదు. అవి వెనుక మూలను కాక, వాక్యము వినబడుచోట, వరుసలలోనే వేయుడి. సంస్కారపు రొట్టెను, పాత్రను కూర్చున్నవారియొద్దకే తీసికొని పోవుటకు కాపరిగారితో ముందుగా మాటలాడుకొనుడి. మందిరపు మెట్లకు ఒక ప్రక్క చేయూతకఱ్ఱ బిగించుటకు ఊరి వడ్రంగికి అరపూట పని. మొదట ఎవరును కుర్చీలో కూర్చుండరు, సిగ్గుపడుదురు. పెద్దలలో ఒకరు తామే వెళ్లి కూర్చుండుడి.


ఈ నెల గృహకూటములలో మాటలాడుకొనుటకు: మన సంఘములో గత ఆరు నెలలుగా మందిరమునకు రాని పెద్దవారెవరు? వారిలో ఎవరికి తెల్లవారి కీళ్లు గంటకు పైగా బిగిసియుండును? వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడుకొనిపోవుటకు ఎవరియొద్ద బండి యున్నది?