అనుగ్రహమును హక్కును

న్యాయశాస్త్రమునందు అనుగ్రహమునకును హక్కునకును గల భేదము సూక్ష్మముగా దోచును. కాని వేలకొలది కుటుంబముల బ్రదుకు ఆ భేదముపై నాధారపడియుండుట గలదు. 16వ శతాబ్దము మొదలు 18వ శతాబ్దము వఱకు యూరపు ఖండమున యూదుల స్థితి యిందులకు దార్కాణము.

1492వ సంవత్సరమున స్పెయిను ప్రభువులు, మతము మార్చుకొనని యూదు లెల్లరును దేశము విడువవలెనని శాసించిరి. వారిని ఉండనిచ్చిన దేశములలో పెక్కింట వారి నివాసమున కాధారము ప్రభువిచ్చెడి అనుమతిపత్రమే. వెనీసు గణరాజ్యము దానిని కొన్ని యేండ్ల గడువుతో నిచ్చుచు, గడువు తీఱినప్పుడెల్ల మరల బేరమాడుచుండెను. 1516లో నచ్చటి సెనేటు వారందఱును గెట్టో యను నొక వాడలోనే యుండవలెనని విధించెను. రాత్రులందు దాని ద్వారములు మూయబడుచుండెను. కావలివాండ్రు క్రైస్తవులు, వారి జీతములు చెల్లించువారు మాత్రము యూదులు.

1670లో వియన్నానుండి చక్రవర్తి వెడలగొట్టినవారిలో 50 కుటుంబములను మరుసటి యేడు బ్రాండెన్‌బర్గు ప్రభువు చేర్చుకొనెను. అదియు 20 ఏండ్ల గడువునకే. బహిరంగ ప్రార్థనాలయము గట్టరాదు. 1744లో మరియా తెరీసా రాణి ప్రాగు నగరపు యూదులను వెడలిపొమ్మని యాజ్ఞాపించెను. 1748లో వారు తిరిగి వచ్చుటకు భారమైన పన్ను మూల్యమయ్యెను. వీనిలో నెచ్చటను ఒక్కొక్కని నేరము విచారించి శిక్షించుట లేదు. యూదుడగుటయే చాలియుండెను.

అయినను ఈ యేర్పాటు కేవలము కీడే చేసెనని చెప్పరాదు. వివాహ వారసత్వ వివాదములను తమ ధర్మశాస్త్రము ననుసరించి తామే తీర్చుకొను స్వాతంత్ర్యము వారికి గలిగెను. పోలండులోని నాలుగు దేశముల సభ, ప్రభుత్వమునకు రావలసిన పన్నును యూదు సమాజములపై పంచి వసూలు చేయుచు, వారి పెద్దసభగా వర్ధిల్లెను. కాని 1764లో ప్రభుత్వము తలపన్నును నేరుగా గైకొన నిశ్చయింపగా ఆ సభ రద్దయ్యెను. అక్కఱ తీఱినంతనే అనుగ్రహమును తీఱెను.

1791 సెప్టెంబరు 27వ తేదీని ఫ్రెంచి జాతీయసభ, పౌరప్రమాణము చేసిన యూదుడు పౌరుడే యని నిర్ణయించెను. ఆ ప్రమాణముతో పూర్వపు ప్రత్యేకాధికారములను వదలుకొన్నట్లే యని నియమము చేర్చబడెను. సమాజము స్వయంపాలనము గోలుపోయెను. వ్యక్తి సమానత్వము బడసెను. ఆ సమానత్వమును నిష్కంటకము గాలేదు. 1808లో నెపోలియను పెక్కు మండలముల యూదుల అప్పులపైనను వర్తకముపైనను 10 ఏండ్ల ప్రత్యేక నిర్బంధములు విధించెను. 1818లో అవి పొడిగింపబడక ముగిసెను.

కావున ఏ రాజ్యమునైనను పరీక్షించునప్పుడు, ప్రభువు దయాళువా యనునది రెండవ ప్రశ్న. పొరుగువానికి లేని నిబంధన యేదైన నితనికి గలదా యనునదే మొదటి ప్రశ్న.