‘కొట్టిండు’ అని మార్చకండి

సందేహం: కరీంనగర్‌లో చిన్న ఉద్యోగం చేస్తున్న. మంకమ్మతోటలో ఒక అమ్మాయితో మూడేళ్లు ఒకే గదిలో ఉన్న. లోకానికి దోస్తులం, మాకు మేం జంట. ఆమె నన్ను కొట్టేది. జీతం పడంగనే ఏటీఎం కార్డు గుంజుకునేది. ఎదురు చెప్తే ‘బెల్లంపల్లికి ఫోన్ చేసి మీ అమ్మకు అన్నీ చెప్త’ అనేది. నిరుడు బయటపడ్డ. ఇప్పుడు ఇదంతా రాస్తున్న, కానీ ఆమెను మగవాడిగా మార్చిన. ఉన్నదున్నట్టు రాస్తే ‘ఇట్లాంటోళ్ల బతుకులింతే’ అని మా అందరినీ అంటరని భయం. మార్చుడు తప్పా?

సమాధానం: తప్పు అనే మాట నేను వాడను తల్లీ. కానీ మార్చకండి.

మీరు పంపిన పేజీలో ఒక రాత్రి ఉంది. కంచం ముందు కూర్చోబెట్టి, ఫోన్ లాక్ తీస్తేనే ముద్ద ముట్టాలన్న రాత్రి. పప్పు చల్లారి పైన పొర కట్టడం దాకా రాశారు. గొంతు పట్టేసింది నాకు. తర్వాతే చిక్కొచ్చింది. పెళ్లికాని జంటకు ఇల్లిచ్చిన ఓనరు మూడేళ్లలో ఒక్క మాటా అడగలేదెందుకు? ‘అమ్మకు చెప్త’ అంటే మీరు అంతలా వణికిపోవడమెందుకు? ప్రేమ సంగతి తెలిస్తే అమ్మ తిడుతుందిలే అనుకుంటారు చదివేవాళ్లు. మిమ్మల్ని నోరెత్తనివ్వని భయం అది కాదు కదా.

మన భాషలో నేను అన్నా, నువ్వు అన్నా క్రియలో ఆడామగా తేడా తెలియదు. కొట్టిన మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం, మర్యాద బహువచనం వాడితే తప్ప దాచలేం. ‘కొట్టిండు’ అనాలి, లేదా ‘కొట్టింది’ అనాలి. అక్కడ చెయ్యి ఆగితే ‘నేను’ వదిలి, అప్పటి మిమ్మల్ని ‘నువ్వు’ అని పిలిచి రాసి చూడండి. అమెరికా రచయిత్రి కార్మెన్ మరియా మచాడో తన ప్రియురాలి చేతిలో పడ్డ బాధను 2019లో ‘ఇన్ ద డ్రీమ్ హౌస్’గా రాసినప్పుడు పాత తనను అలాగే పిలిచింది.

ఇక అందరికీ చెడ్డపేరు అంటారా? మొగుడు పెళ్లాన్ని కొట్టిన కథలు ఎన్ని వచ్చినా పెళ్లే తప్పని లోకం తేల్చలేదు. హిజ్రా రచయిత్రి ఎ. రేవతి పుస్తకం పి. సత్యవతి గారి తెలుగులో ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా దొరుకుతుంది. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇంట్లోవాళ్ల దెబ్బలూ, పోలీసుల దెబ్బలూ దాచకుండా రాసింది రేవతి. చదవండి, ధైర్యమొస్తుంది.

సందేహం: సొంత బతుకు రాసిన పుస్తకంలో కొట్టినవాళ్ల అసలు పేరు పెడితే కేసు అవుతుందా? (మంచిర్యాల నుంచి)

సమాధానం: కావచ్చు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా జైలు ఉంది. నిజమైతే చాలదు, అది ప్రజల మేలు కోసం చెప్పిందై ఉండాలి. పేరొక్కటే మార్చినా లాభం లేదు. ఊరు, కొలువు, ఆనవాళ్లు కూడా మార్చండి. ఆడా మగా మాత్రం మార్చవద్దు.

రాయడం పక్కన పెట్టి ఒక మాట. ఇంకా అలాంటి ఇంట్లోనే ఉన్నవాళ్లు ముందు బయటపడే దారి చూసుకోండి. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే తేల్చింది. కొట్టడం, బెదిరించడం ఎవరు చేసినా నేరమే. 2005 గృహహింస చట్టంలో ప్రతివాది మగవాడే అయి ఉండాలన్న మాటను 2016లో కోర్టు కొట్టేసింది. ఇద్దరు ఆడవాళ్ల కాపురానికి ఆ చట్టం ఎంతవరకు వర్తిస్తుందో ఇంకా తేలలేదు కాబట్టి లాయరుతో మాట్లాడాకే అడుగు వేయండి. మహిళలకు ఉచిత న్యాయ సహాయం 15100 నంబరులో, ఆపదలో సాయం 181 నంబరులో దొరుకుతుంది. నోటుబుక్కును మాత్రం ఆ గదిలో ఉంచకండి.