ల్యాబ్‌లో మూత వెంటనే ఎందుకు తీయము?

రిపోర్టు ఆలస్యమైతే "మిషన్ పాడయిందా?" అని కిటికీ దగ్గర అడుగుతుంటారు. ఒక్కోసారి మేమే దాన్ని ఆపేసి కూర్చుంటాము. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిని సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి పరీక్షిస్తాము. లోపల గొట్టం పగిలితే ఆ నీరు కంటికి కనపడని తుంపరగా లేస్తుంది. 5 మైక్రాన్లకన్న చిన్న తుంపరలు గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల లోతుకు చేరగలవు; ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే ఆగేవి కావు. అందులో క్షయ క్రిములుంటే ముందు ముప్పు ల్యాబ్‌లో పనిచేసేవారికే. అందుకే స్విచ్ ఆపి, 30 నిమిషాలు మూత ముట్టుకోము. తర్వాతే చేతితొడుగులు, ఎన్-95 మాస్కు వేసుకుని శుభ్రం చేస్తాము. మీకు మళ్లీ సూది వేయవలసి వస్తే మాకూ బాధే.

తెమడ ఇచ్చేటప్పుడు కూడా ఇదే తుంపర లేస్తుంది. బాత్‌రూములో కాక ఆరుబయట, ఎవరూ లేనిచోట దగ్గి, డబ్బా మూత గట్టిగా బిగించి ఇవ్వండి.