రైలు బల్ల కింద పనిబల్ల: ఎలా అమర్చుకోవాలి?

నంద్యాల–ఎర్రగుంట్ల మార్గంలో 2016లో రైళ్లు మొదలయ్యాయి. గుత్తి, ఎర్రగుంట్ల, కడప మీదుగా ముంబై–చెన్నై మార్గం ఎప్పటినుంచో ఉంది. మనకు తెలిసిన ఈ దారులను ఇంట్లో నమూనాగా కట్టుకోవాలనుకునే వాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు చోటు. 21.3 మీటర్ల ఐసీఎఫ్ బోగీ 1:87 కొలతలో, అంటే హెచ్‌ఓ స్కేలులో, 24.5 సెంటీమీటర్లు వస్తుంది. ఇంజనుకు ఐదు బోగీలు తగిలిస్తే దాదాపు మీటరున్నర. అందుకే తొలి లేఅవుట్‌కు, అంటే నమూనా పట్టాలు పరిచే బల్లకు, 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు అనువుగా ఉంటుంది. దానితోనే సగం గది నిండుతుంది. ఇక రంగులు వేయడానికి, టంకం పెట్టడానికి మిగిలేది ఆ బల్ల కింది చోటే.

కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్ల తల నేల నుంచి నాలుగు అడుగులు దాటుతుంది. కాబట్టి నాలుగు అడుగుల ఎత్తున్న లేఅవుట్ కింద కూర్చుని పనిచేయలేం, పనిబల్లే బయటికి రావాలి. చక్రాలు పెట్టేది అందుకే.

కావలసినవి

19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 2×2 అంగుళాల కాళ్లు నాలుగు, 3×1 అంగుళాల రీపర్లు, బ్రేకున్న 3 అంగుళాల రబ్బరు చక్రాలు నాలుగు, స్క్రూలు, రసమట్టం, మూలమట్టం, అడుగు చదరం నాపరాయి ముక్క.

1. ముందు కొలతలు

లేఅవుట్‌కు కాళ్లు బిగించకముందే పనిబల్ల కొలత తేల్చుకోండి. లేఅవుట్ పైభాగం 48 అంగుళాల ఎత్తున, దాని చట్రం 5 అంగుళాల మందాన ఉంటే కింద 43 అంగుళాలు మిగులుతాయి. పనిబల్ల ఎత్తు 29 అంగుళాలు, పొడవు 4 అడుగులు, వెడల్పు 2 అడుగులు చాలు. లేఅవుట్ కాళ్ల మధ్య కనీసం 4 అడుగుల 4 అంగుళాలు, ముందువైపు కుర్చీకీ కలిపి 4 అడుగుల ఖాళీ ఉండాలి.

2. చట్రం

చక్రం బిగింపుతో సహా 4 అంగుళాలుంటే కాళ్లను 24¼ అంగుళాలకు కోయండి. ప్లైవుడ్ మందంతో కలిపి సరిగ్గా 29 అవుతుంది. రీపర్లను నాలుగు వైపులా బిగించి, ప్రతి మూలనూ మూలమట్టంతో సరిచూడండి. స్క్రూ ఎక్కించే ముందు సన్నటి రంధ్రం వేయండి, ఎండిన కర్ర చీలదు. వెనకవైపు కింద అడుగు వెడల్పు అర బిగిస్తే సామాన్ల బరువు కిందికి దిగి బల్ల ఊగదు, ముందువైపు కాళ్లు చాపుకునే చోటూ ఉంటుంది.

3. చక్రాలు

మన ఇళ్లలో బండల నేల ఎక్కువ. చిన్న చక్రాలు బండల సందుల్లో ఇరుక్కుంటాయి, 3 అంగుళాలవి దాటిపోతాయి. బల్ల బయటికి లాగి, పనిచేసే చోటనే రసమట్టం పెట్టి చూడండి.

4. నాపరాయి

బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల పాలిష్ చేసిన నాపరాయి దొరుకుతుంది. బల్లంతా పరిస్తే, 20 మిల్లీమీటర్ల మందానికే 40 కిలోలు అవుతుంది. అడుగు చదరం ముక్క అయితే 5 కిలోలే. కుడిచేతివైపు పెట్టి, టంకం పని దానిమీదే చేయండి, కాలదు. అయితే రాయి వేడిని లాగేస్తుంది. పట్టా ముక్క నేరుగా రాయికి తగిలితే టంకం సరిగ్గా కరగక గడ్డకడుతుంది. పట్టా కింద చిన్న చెక్క పేడు పెట్టండి. నాపరాయి సున్నపురాయి జాతి, యాసిడ్ ఫ్లక్స్ పడితే మచ్చ మిగులుతుంది.

5. కరెంటు, వెలుతురు

లేఅవుట్ చట్రం ముందంచు కిందివైపు ఎల్‌ఈడీ పట్టీ అంటించండి. పట్టాలకు వెళ్లే తీగలను కొక్కేలతో చట్రానికి కట్టేయండి, వేలాడితే లాగేటప్పుడు తెగుతాయి. టంకం కడ్డీకి స్విచ్చున్న వేరే బోర్డు వాడండి. బల్ల లోపలికి నెట్టేముందు కడ్డీ పూర్తిగా చల్లారాలి, పైన చెక్క ఉందని మరవద్దు.

6. దుమ్ము

ఇది అన్నిటికన్నా ముఖ్యం. పట్టాల మీద దుమ్ము పేరుకుంటే చక్రాలకు కరెంటు అందక ఇంజను ఆగి ఆగి నడుస్తుంది. ఆకురాయి పట్టినప్పుడు రాలే ఇనుప రజను ఇంజను మోటారులోని అయస్కాంతానికి అంటుకుంటుంది. కోతలు, ఆకురాయి పనులు బల్ల పూర్తిగా బయటికి లాగాకే చేయండి. పని అయ్యాక తడిగుడ్డతో తుడవండి. లేఅవుట్ అంచు నుంచి నేలదాకా మందపాటి గుడ్డ పరదా కడితే మేలు.

7. ఎండాకాలం తనిఖీ

మన ఎండలకు కర్ర ముడుచుకుని స్క్రూలు వదులవుతాయి. ఏప్రిల్‌లో ఒకసారి, వానలు మొదలయ్యాక మరోసారి బిగించండి. జిగురు, రంగుల సీసాలు మిద్దె మీది గదిలో ఉంచకండి, త్వరగా గట్టిపడతాయి.

ఈ పనిబల్ల తయారయ్యాకే పట్టాలు పరవడం మొదలుపెట్టండి. వాటి ప్రతి అతుకూ దీనిమీదే తయారుకావాలి. తీగల కోసం లేఅవుట్ కిందికి దూరాల్సి వచ్చినప్పుడు బల్లను పక్కకు నెట్టేస్తే చాలు, దారి దొరుకుతుంది.