రక్షణ వీసా నిరాకరణము – న్యాయసమీక్ష: మనుమరాలికి లేఖ

కలిగిరి



ఆస్ట్రేలియాలో రక్షణ వీసా నిరాకరింపబడినవారికి న్యాయస్థానము ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలియగోరి నీవు వ్రాసిన జాబు అందినది. న్యాయశాస్త్రమున నీ కింతటి శ్రద్ధ కలిగినందుకు మిక్కిలి సంతసించితిని.

మొట్టమొదట అప్పీలును, న్యాయసమీక్షను వేరుచేసి చూడుము. మన రాజ్యాంగపు 226వ అధికరణము క్రింద భూమి తగవుపై రిట్ వేసినప్పుడు మన హైకోర్టు ఆర్డీవోగారి స్థానమున కూర్చుండి భూమి యెవరిదో తేల్చదు. నోటీసు ఇచ్చిరా, చెప్పుకొన్నది వినిరా, చట్టము దాటి పోయిరా అని మాత్రమే పరికించును. అట్లే ఆస్ట్రేలియా న్యాయమూర్తియు, ఈ మనిషికి స్వదేశమున ప్రాణభయ మున్నదా లేదా యను ప్రశ్నను తాను తీర్చడు. ఆ ప్రశ్నను తీర్చిన ట్రైబ్యునల్ చట్టము చెప్పిన త్రోవను నడచినదా యని చూచును. వలస నిర్ణయములను కోర్టులలో ప్రశ్నింపరాదని పార్లమెంటు శాసించినను, అధికారపరిధి తప్పి చేసిన నిర్ణయము అసలు ఆ చట్టము క్రింది నిర్ణయమే కాదని 2003లో ఎస్157 వ్యాజ్యమున అచటి హైకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పును సావకాశముగ చదువుము. శరణార్థికి కోర్టు తలుపు మూయబడకుండుట దానివలననే.

ఆ యేడే వెలువడిన మరియొక తీర్పు నీకు మంచి పాఠము. వ్లాడివోస్టోక్ వ్యాపారి యొకడు, నేరగాండ్రపై చర్య తీసికొనని పోలీసులను బహిరంగముగ విమర్శించిన వ్యాపారుల వర్గమునకు తాను చెందితినని మొరపెట్టుకొనగా, ట్రైబ్యునల్ రష్యాలోని వ్యాపారు లందరిని గూర్చి విచారించి ఊరకుండెను. అడిగినదానికి బదులు చెప్పకపోవుటయే అందలి దోషము. కావున నిర్ణయపత్రము చేతికి వచ్చినప్పుడు దరఖాస్తును ప్రక్కన పెట్టుకొని, దరఖాస్తుదారు చెప్పిన ఒక్కొక్క భయమునకు ఎచట సమాధానమున్నదో పెన్సిలుతో గుర్తించుచు రమ్ము; గుర్తు పడని చోటనే నీ వాదము పుట్టును.

మనవారి విషయమున తరచుగ అడ్డు వచ్చునది వేరొకటి. ఉదయగిరి వైపు పల్లెనుండి కులాంతర వివాహము చేసికొని ప్రాణభయమున పోయిన దంపతు లున్నారనుకొనుము. ఇంత విశాలమైన దేశమున హైదరాబాదుననో బెంగుళూరుననో బ్రతుకరాదా యని తప్పక అడుగుదురు. ఆ మకాము మార్పు వారి స్థితిగతులకు సహేతుకమై యుండవలెనని 2007లో ఎస్‌జెడ్‌ఏటీవీ వ్యాజ్యమున ఆస్ట్రేలియా హైకోర్టు నిర్ణయించినది; అయితే 2014 నాటి చట్టసవరణతో శరణార్థి నిర్వచనమునుండి ఆ సహేతుకత పరీక్ష తొలగినది. పేరునకు బదులు అక్షరములేల యందువా? శరణు కోరినవారి పేర్లు కోర్టులు ప్రకటింపరాదని చట్టమే చెప్పుచున్నది.

గెలిచినను వీసా రాదు సుమా. నిర్ణయము కొట్టివేయబడి, విచారణ మరల మొదలగును, అంతియే. ఇది తెలిసియు, వీసా గడువు తీరిన విద్యార్థులచేత లేని భయమును కల్పించి దరఖాస్తు వేయించు దళారులను తలచిన నాకు కడుపు మండును. ఒకమారు నిరాకరింపబడినవాడు ఆ దేశమున నుండగా మరల రక్షణ వీసా కోరుట సామాన్యముగ నిషిద్ధము. పైగా కల్పితగాథలు పెరిగినకొలది, నిజముగ వణకుచు వచ్చినవాని మాటయు శంకింపబడును. అట్టి పనికి నీ కలమును ఎన్నడును ఈయకుము, తల్లీ.

కోర్టునకు పోవుటకు గడువు 35 దినములు. అది కాగితము చేతికందిన నాటినుండి గాక నిర్ణయపు తేదినుండి లెక్కింపబడును. మీరినచో కారణములు వ్రాసి పొడిగింపు కోరవలెను. కావున ఎవరైన నీయొద్దకు వచ్చినచో, వారి కథ వినుటకు ముందే ఆ తేదిని చూడుము.

ఇట్లు,
తాతయ్య